కాటా పట్టని ఎమ్మెస్సీ

మా మనవరాలు న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చదువుతుందట. చదవనివ్వండి. నేనూ ఆ చదువే చదివినదాన్ని, వద్దనే నోరు నాకెక్కడిది? కానీ కొన్నాళ్లుగా ఆ పిల్ల చదువుతున్నది న్యూట్రిషన్ కాదు, న్యూట్రిషన్‌లో చేరడానికి ఏమేం కావాలో ఆ పట్టీ. ఇంటర్లో బయాలజీ ఉందా, డిగ్రీలో ఏ సబ్జెక్టులు, వాళ్లడిగేది యాభై శాతమా యాభై అయిదా, పాండిచ్చేరి యూనివర్సిటీకైతే సియుఇటి పీజీ, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకైతే వాళ్ల సొంత ప్రవేశపరీక్ష, నివాస ధ్రువపత్రం, కులం కాగితం, ఆదాయం కాగితం, టీసీ, మైగ్రేషను. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు. ఫోటో ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం అన్ని కేబీలకి తగ్గకూడదు. తిండి శాస్త్రం నేర్చుకోబోయే పిల్ల ఈ గొడవలో పడి రెండుపూటలా తిండి మానేసింది. దాన్ని చూసి నాకు ఒళ్లు మండుతోంది.

మా రోజుల్లో ఇంత తతంగం లేదు. డిగ్రీ మార్కుల కాగితం, కాండక్టు సర్టిఫికెట్టు, మా ప్రిన్సిపాలుగారు స్వదస్తూరితో రాసిచ్చిన ఉత్తరం, ఒక రేకు పెట్టె. హైదరాబాదులో దిగి, హాస్టల్లో పెట్టె పడేసి ఇంటర్వ్యూకి వెళ్లాను. (కాలేజీ పేరు చెప్పను. ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు.) ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా మార్కులు చూడనేలేదు. "మీ ఇంట్లో ఎంతమంది? నెలకి బియ్యం ఎంత తెస్తారు?" అని అడిగింది. చెప్పాను. "మరి మనిషికి రోజుకి ఎన్ని గ్రాములు? అందులో పిల్లలెందరు?" అంది. నోటిలెక్క కట్టి చెప్పాను. "బియ్యం తక్కువే వస్తున్నాయే, మిగతా పొట్ట దేంతో నింపుతారు?" అంది. చేప అన్నాను. "ఏ చేప, ఏ నెలలో?" అని పట్టుకుంది. ఇంటర్వ్యూ అంతా మా దరియాలతిప్ప గురించే జరిగింది. మా అమ్మ ఏ రోజు ఏం వండుతుందో అంత గుచ్చి గుచ్చి అడిగిన చదువుకున్న మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

ఇప్పుడు నాలుగు సమాధానాలిచ్చి ఒకటి గుర్తుపట్టమంటారు. విటమిన్ బి1 కి ఇంకో పేరేమిటి? థయమిన్. సరే, మార్కు పడింది. పాలిష్ పట్టిన మిల్లు బియ్యం తిని కాళ్లు లాగేసి మంచం పట్టిన మనిషిని ఎప్పుడైనా చూశావా అని ఆ కంప్యూటరు అడుగుతుందా?

దరియాలతిప్ప అంటే ఎక్కడో తెలియనివాళ్లకి ఒక మాట. యానాం ఊరు దాటి, గౌతమి పాయ సముద్రంలో కలవబోయే వైపు, మడ అడవుల దరిని ఉంటుంది మా తిప్ప. చేపల వేట, ఎండుచేపల బేరం, తుఫాను భయం. ఫ్రెంచివాళ్లు 1954 జూన్‌లో యానాం వదిలి వెళ్లేనాటికి నాకు మూడేళ్లు. వాళ్లు పోయారుగానీ వాళ్లు గీసిన గీత మాత్రం మా పిల్లల దరఖాస్తుల్లో ఇంకా ఉంది. చుట్టూ ఆంధ్రా, మాట్లాడేది తెలుగు, తినేది గోదావరి తిండి. కాగితం మీద మాత్రం మేం పుదుచ్చేరి వాళ్లం. కాకినాడ బస్సెక్కి పోయివచ్చేంత దూరం, అక్కడికి పోతే మేం నాన్‌లోకల్. పుదుచ్చేరిలో లోకలే, కానీ అది ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సు దిగితే అరవం. పుదుచ్చేరి ప్రవేశాలు చూసే సెంటాక్‌లో యానాం కోటా ఉందంటారు. ఉంది, నిజమే. కాకపోతే ఆ కోటా కాగితాలు పట్టుకుని తిరగడానికి ఇంకో డిగ్రీ కావాలి. మా రోజుల్లోనూ "ఎక్కడి పిల్లవి?" అని అడిగేవారు. ప్రిన్సిపాలుగారి చీటీ చూపిస్తే తలూపి ఊరుకునేవారు. ఇప్పుడు తలూపే మనిషే లేడు, తెర మీద ఎర్రక్షరాలు వస్తాయి.

సరే, చేరాక ఏం నేర్పేవారో చెప్తాను, అసలు నా కడుపుమంట అక్కడుంది.

మా ఎమ్మెస్సీకి కాటాయే గురువు. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్సు అన్నీ ఉండేవి, పరీక్షలుండేవి, తప్పినవాళ్లుండేవారు. కానీ డయట్ సర్వే చేయనిదే డిగ్రీ ఇచ్చేవారు కారు. సర్వే అంటే ఫోన్‌లో ఫారం నింపడం అనుకునేరు. తెల్లవారకముందే ఆ ఇంటి వాకిట్లో నిలబడాలి. పొయ్యి రాజేయకముందే బియ్యం, పప్పు, ఉల్లిపాయ, చింతపండు, నూనె, ఉప్పు అన్నీ పచ్చివిగా తూచాలి. తొక్కు, ముల్లు, పొలుసు తీసేసిన తూకం వేరే రాయాలి. వండాక గిన్నెతో తూచి గిన్నె బరువు తీసెయ్యాలి. ఎవరెవరు ఎంత తిన్నారో కంచం కంచానికీ చూడాలి. మిగిలింది తూచాలి. పక్కింటి నుంచి కూర వస్తే అది తూచాలి, ఈ ఇంటి కూర పక్కింటికి పోతే అదీ తూచాలి. అత్తగారి ముందు కోడలు తక్కువ తిని, వంటింట్లో నిలబడి మజ్జిగన్నం తింటే, దాన్ని కూడా పసిగట్టి రాయాలి. ఆ కోడలి గుట్టు పట్టినవాళ్లకే మా మేడమ్‌గారు ఎక్కువ మార్కులేసేవారు.

మా తిప్పలో సర్వే చేస్తే ఇంకో తంటా. చీరమేను ఉంటుంది కదా, తూర్పుగాలి తిరిగాక గోదారి నీళ్లలో దొరికే ఆ నలుసంత చేపపిల్లలు. దాన్ని యానాంలో తూకానికి అమ్మరు. గ్లాసు, సేరు, బకెట్టు, అంతా కొలతే. కొలత అన్నది నీటి మీద, నొక్కి పోసిన చేతి మీద ఆధారపడి ఉంటుంది. అదే గ్లాసులో ఒకావిడ పోస్తే ఒక బరువు, ఇంకొకావిడ పోస్తే ఇంకో బరువు. గారెలు చేస్తే అందులో పప్పెంత, చేపెంత? చింతచిగురుతో కూర చేస్తే దింపేసరికి సగానికి సగం ఇగిరిపోతుంది. వీటన్నిటినీ గ్రాముల్లోకి దింపి, గ్రాముల్ని మాంసకృత్తుల్లోకి, సున్నంలోకి, ఇనుములోకి మార్చాలి. నెత్తళ్లలాంటి చిన్నచేపల్ని ముల్లుతో నమిలేస్తాం కాబట్టి సున్నం ఎక్కువ వస్తుంది, చందువ ముక్కకి ఆ లెక్క వెయ్యకూడదు. ఈ తేడా పుస్తకంలో చదివితే మర్చిపోతాం. కంచంలో ముళ్లు లెక్కపెడితే మర్చిపోము.

తూచడం అయ్యాక తలల లెక్క. ఇంట్లో ఎనిమిది మంది ఉంటే ఎనిమిదితో భాగించేస్తే సున్నా మార్కులు. కూర్చుని పనిచేసే మగవాడు ఒక యూనిట్టు, అప్పటి లెక్కలో సుమారు 2400 కేలరీలు. కూర్చునే ఆడమనిషి 0.8. ఒళ్లు వంచి కష్టం చేసే మగవాడు 1.6, అదే కష్టం చేసే ఆడమనిషి 1.2. మూడేళ్ల లోపు పిల్లకి 0.4. ఇప్పటికీ నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను. ఇక్కడే నాకూ మా మేడమ్‌గారికీ జగడం. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఎండలో యానాం సంతకు నడిచి, అరిచి అమ్మి, మళ్లీ నడిచొచ్చి, నీళ్లు మోసి, వండి, వల బాగుచేసే ఆడమనిషిని ఏ గడిలో వెయ్యాలి? ఫారంలో 'గృహిణి' అని ఉండేది. గృహిణి అంటే కూర్చునేదట! పెద్ద కష్టం గడిలో వేస్తానని నేను పట్టుబట్టాను. అలా వేస్తే ఇల్లంతా కేలరీలు చాలని ఇల్లుగా తేలుతుంది. తేలనీ మరి, చాలకే కదా చావు!

ఇప్పుడు మా మనవరాలికి ఈ పనంతా యాప్ చేసిపెడుతుందట. నిన్న తిన్నది గుర్తు తెచ్చుకుని చెప్పమంటారు, చిన్న గిన్నె పెద్ద గిన్నె బొమ్మలు చూపిస్తారు, అయిపోయింది. లెక్క తప్పని నేననను. పోషకాహార సంస్థవాళ్లు 2017లో అచ్చువేసిన పట్టికల్లో 528 రకాల ఆహారాలున్నాయి, దేశం నలుమూలల నుంచి తెచ్చి పరీక్షించారు. మాకప్పుడు గోపాలన్‌గారి ఆహార పట్టికల పుస్తకమే దిక్కు, అట్ట ఊడిపోయి దారంతో కుట్టుకున్నాం. 2020లో మనిషికి కావలసినవాటి లెక్క కూడా మార్చారు. ప్రమాణంగా తీసుకునే మగవాడి బరువు 60 కిలోల నుంచి 65కి పెంచి, కూర్చునేవాడి కేలరీలు మాత్రం 2110కి దించారు. మనిషి లావెక్కాడు, పని తగ్గించాడు. ఇవన్నీ నాకూ తెలుసు, ముసలిదాన్ని అయినంత మాత్రాన చదవడం మానలేదు. నా గొడవల్లా ఒక్కటే. అరవై గ్రాముల పప్పు చేతిలో పోసుకుంటే ఎంత ఉంటుందో తెలియని పిల్లకి, ఆ యాప్ 600 చూపిస్తే అనుమానం ఎలా వస్తుంది?

ఈ చదువు పుట్టిందే తూకంలో. 1918లో నీలగిరుల్లో, కూనూరు పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో, బెరిబెరి ఎందుకొస్తుందో చూడమని మెకారిసన్ అనే దొరని కూర్చోబెట్టారు. ఆయన ఎలుకలకి ఒక్కో ప్రాంతం తిండి పెట్టి పెంచాడు. పంజాబు రొట్టె, పాలు, వెన్న, కాయగూరలు తిన్న ఎలుకలు నిగనిగలాడాయి. మద్రాసు తిండి తిన్నవి చిక్కి శల్యమయ్యాయి. మద్రాసు తిండి అంటే అప్పట్లో మనదీ అందులోకే వస్తుంది. ఆ మాట క్లాసులో విన్నప్పుడు నాకు రోషం వచ్చింది. మా తిప్ప ఎలుకని అడగాల్సింది, ఎండు రొయ్యపొట్టు పెట్టి! ఆ ఒక్కగది సంస్థే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. జొన్నలు తినే బీదవాళ్లకి పెల్లాగ్రా ఎందుకొస్తోందో గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో ఒక కారణం చెప్పింది దక్కను పల్లెల వాళ్లని చూసే. ఊళ్లోకి పోనివాళ్లకి అలాంటి ప్రశ్నే తోచదు, జవాబు సంగతి తర్వాత.

అర్హతలంటే నాకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. భీమవరంలో పుట్టినాయన, మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఇప్పటి దరఖాస్తులో 'ఎన్ని ప్రయత్నాల్లో ఉత్తీర్ణత' అనే గడి దగ్గరే ఆగిపోయేవాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగాడని సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపమొచ్చింది. రావలసిన ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్ అనే చిన్న పట్టా చేతిలో పెట్టారు. బట్ట కూడా ఒక అర్హతేనన్నమాట! అమెరికా పోయి, ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేసుకుంటూ చదివి, 1930లో హార్వర్డులో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ అందుకున్నాడు. గర్భిణీలకి ఊరూరా ఇస్తున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉందే, దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. నిబంధనలు రాసేవాళ్లు రాత్రి పడుకోబోయే ముందు ఆయన్ని ఒకసారి తలుచుకుంటే మంచిది.

మేం చదివిన రోజుల్లో డాక్టర్లకి మేమంటే వేళాకోళం. 'వంటల ఎమ్మెస్సీ' అనేవారు. హోమ్‌సైన్సులోంచి వచ్చినవాళ్లం కదా. నేను పనిచేసిన ఒక పెద్దాసుపత్రిలో, పేరు వద్దు, డైటీషియన్ అంటే వంటింటికి ఇండెంటు రాసే గుమాస్తా. సుగర్ పేషెంటుకి ఇంత, ఉప్పు లేని డైట్‌కి ఇంత, ట్యూబు ఫీడుకి పాలూ గుడ్లూ ఇన్ని అని రాసిస్తే, సగం సరుకు దారిలోనే మాయం. గంగాళం దగ్గర నిలబడి గరిటెతో కొలిచి పెట్టించేదాన్ని. వంటమనిషి నన్ను చూడగానే గొణిగేవాడు. అలా నిలబడినందుకే కదా, డాక్టరుగారు "ఈ పేషెంటుకి ప్రొటీన్ ఎందుకెక్కడం లేదు?" అంటే, "గుడ్లు వార్డుదాకా రావడం లేదండీ" అని చెప్పగలిగాను. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇప్పుడు ఆ వేళాకోళం చెయ్యలేరు, ఆ మాట ఒప్పుకోవాలి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్, న్యూట్రిషనిస్టు పేర్లు ఎక్కాయి. ఆరోగ్య వృత్తి డిగ్రీ అంటే కనీసం 3600 గంటలు చదవాలన్నారు. భారత డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల ఆర్.డి. (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష అని ఒకటుంది. పీజీ ఉండాలి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, తర్వాత పరీక్ష. గంటలు లెక్కపెట్టడం నాకిష్టమే. ఆ గంటల్లో వంటింట్లో ఎన్ని, వార్డులో ఎన్ని, కంప్యూటరు ముందు ఎన్ని అనేదే నా తగువు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పిల్లల్ని చూశాను. తెల్లకోటు, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. కంచంలో మిగిలిన ఇడ్లీ కేసి చూడరు. పేషెంటు తినకుండా పక్కన పెట్టిన ఇడ్లీలోనే కదా రోగం సగం రాసి ఉంటుంది!

దూరవిద్య సంగతి తలుచుకుంటే మాత్రం నా కోపం అటూ ఇటూ పోతుంది. ఇగ్నోలో డైటెటిక్స్ ఎమ్మెస్సీ దూరవిద్యలో ఉండేది. 2025 జులై-ఆగస్టు విడత నుంచి న్యూట్రిషన్, డైటెటిక్స్ లాంటివాటిని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని రోగి తిండి నేర్చుకోవడం ఏమిటని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. నా మాటే నెగ్గింది అనుకోవాలి. కానీ మా తిప్పలో పెళ్లయి, ఇద్దరు పిల్లలుండి, మొగుడు వేటకి పోతే ఇల్లు కదల్లేని కోడళ్లున్నారు. డిగ్రీదాకా లాక్కొచ్చారు. వాళ్లకి ఆ ఒక్క తలుపే తెరిచి ఉండేది. అది మూసేశారు, దగ్గర్లో ఇంకోటి తెరవలేదు. యానాంలో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది, జిప్మర్ వాళ్లు ఆసుపత్రి కూడా పెట్టారు. వార్డు ఉంది, చెరువుల రొయ్య నుంచి గోదారి పులసదాకా కళ్లముందే ఉన్నాయి. ఒక్క న్యూట్రిషన్ పీజీ ఇక్కడ పెడితే ఆ కోడళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొస్తారు. కాటా కావాలంటే నాది ఇస్తాను.

అమెరికా గొడవ ఇంకొకటి. మా బంధువుల పిల్ల ఒకతి అక్కడ డైటీషియన్ అవుదామని బయల్దేరింది. వెనక అక్కడ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ ఉంటే పరీక్షకి కూర్చోనిచ్చేవారు. 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ ఉంటేగానీ పరీక్షకి రానివ్వరట. పైగా పర్యవేక్షణలో వెయ్యి గంటలు. మన దేశపు డిగ్రీని వాళ్ల కొలతలోకి మార్చి చూపించాలి, చాలని సబ్జెక్టులు మళ్లీ చదవాలి. తమాషా ఏమిటంటే ఆ మాస్టర్స్ న్యూట్రిషన్‌లోనే ఉండాలని లేదట, డైటెటిక్స్ కోర్సులు విడిగా పూర్తిచేసి ఉంటే మాస్టర్స్ దేంట్లోదైనా ఒప్పుకుంటారట. మరి ఆ పైమెట్టు ఎందుకయ్యా అంటే, మిగతా వైద్యవృత్తుల వాళ్లతో సమానంగా నిలబడాలని. అంటే అక్కడా 'వంటల ఎమ్మెస్సీ' అనేవాళ్లు ఉండేవారన్నమాట. ఆ పిల్ల ఫోన్‌లో చెప్తుంటే నాకు కాస్త హాయిగానే అనిపించింది.

పీహెచ్‌డీ గురించి ఎక్కువ చెప్పను. ఎంఫిల్ తీసేశారు, నెట్టు పెట్టారు, 2022 నిబంధనల్లో పత్రికలో వ్యాసం అచ్చయి తీరాలనే షరతు ఎత్తేశారు. ఆడపిల్లలకి రెండేళ్ల గడువు అదనం, కాన్పుకి 240 రోజుల సెలవు. ఈ ఒక్కదానికి దణ్ణం పెడతాను. మా రోజుల్లో పొట్టతో ఉన్న స్కాలరు ల్యాబ్‌లోకి వస్తే 'ఇంక ఈవిడ చదువు అయినట్టే' అనుకునేవారు, ముందే బీరువా తాళాలు అడిగేసేవారు.

ఇన్ని అర్హతలూ ఎవరికి? చదివేవాళ్లకి. చదవనివాళ్లకి ఒక్కటీ అక్కర్లేదు. చేతిలో ఫోనుంటే చాలు. మా వీధి చివర ఉండే కుర్రాడు నిన్నటిదాకా సిమ్ములు అమ్మాడు, ఇవాళ సుగరు తగ్గించే డబ్బా అమ్ముతున్నాడు. అన్నం మానేయమంటాడు. మా తిప్పలో అన్నం మానేస్తే తినడానికి మిగిలేది ఉప్పుచేప! రోజుకి అయిదు గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంటే, వీడి మాట విని అన్నం తగ్గించి ఎండుచేప పెంచిన ఒకావిడకి బీపీ తల తిరిగేంత పెరిగింది. చట్టంలో ఆ కుర్రాడికి ఏ గడి ఉందో చూడమని మనవరాలిని అడిగాను. నవ్వింది.

మనవరాలంటే గుర్తొచ్చింది, దాని థీసిస్ కూడా అదేనట, ఇంకా చేరకుండానే అనుకుంటోంది. ఎండుచేప తినే ఇళ్లల్లో ఉప్పెంత, బీపీ ఎంత అని. అంశం మంచిదే, నేనే ఎక్కించాను. కానీ మొదలుపెట్టాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతట, ఐసీఎంఆర్ మార్గదర్శకాలట, ప్రతి ఇంటికీ తెలుగులో సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోవాలట. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని కూడా చెప్పాలట. నాకు కోపం ముంచుకొచ్చింది. మేం ఎవరి సమ్మతి అడిగాం? తెల్లారకుండా వెళ్లి, తలుపు తీయగానే వంటింట్లో దూరి, మూతలెత్తి చూసి, కోడలు ఎంత తిన్నదో అత్తగారి ఎదుటే రాసుకొచ్చేవాళ్లం. తర్వాత ఆ కోడలికి ఏమైందో ఎవరం కనుక్కోలేదు. ఈ మాట అన్నాక నాకే కాసేపు మాట రాలేదు. సరే, ఆ కాగితం ఒక్కటి ఉంచండి, మిగతావి తగ్గించండి అన్నాను.

ఎలా చదువుతుందో చూద్దామని, మాదిరి పత్రం ఒకటి రాయించి, పక్కింట్లో చేపలమ్మే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నోరు మాత్రం నాకన్నా పెద్దది. పిల్ల భయంభయంగా మొత్తం చదివింది. మీ వివరాలు గోప్యంగా ఉంచబడును, మీకు ఎటువంటి హాని కలగదు, మీరు ఎప్పుడైనా విరమించుకోవచ్చును. ఆవిడ వక్క నములుతూ ఆఖరిదాకా విన్నది.

"అంతా బాగుంది గానీ అమ్మడూ, నా చేపలు నువ్వు తూస్తానంటున్నావు. ఆ కాటా సరిగ్గా తూగుద్దని నాకెవరు సంతకం పెడతారు?"

పిల్ల నా మొహంకేసి చూసింది. నేను లోపలికెళ్లి తూకంరాళ్లు తెచ్చాను.